అయిదో తిత్తి ముల్లు

మొయిలుపాడు ముళ్ల గది దినచర్య
రాస్తున్నది: మంగతాయారు

ఆషాఢ బహుళ నవమి

గాలి పడమటి నుంచి. మబ్బు మోకాలెత్తున అరుగుల మీదికి వచ్చింది. ఇంటి నుంచి ముళ్ల గదికి వస్తుంటే నా పాదాలు నాకే కనిపించలేదు. వంతెన తాడు చేత్తో పట్టుకుని, ఎవరో కలలో నడిపిస్తున్నట్టు వచ్చాను.

ముందు అద్దాల మీది చెమ్మ తుడిచాను. పద్నాలుగు అద్దాలు, వాటి వెనక పద్నాలుగు ముళ్లు. ఊరిని గాలిలో మోసే తిత్తులు కూడా పద్నాలుగే. ఒక్కో తిత్తి కింద ఒక అరుగు వేలాడుతూ ఉంటుంది. అరుగు మీద ఇళ్లు, ఇళ్ల వెనక వలల్లో పట్టిన మబ్బు నీళ్ల తొట్లు. ఏ తిత్తిలో వాయువు ఎంత బిగువుగా ఉందో దాని ముల్లు చెబుతుంది. అరవై పైన ఉంటే నిశ్చింత. నలభై కిందికి వస్తే ఆ అరుగు దిగిపోతుంది. అంకెలు చూపే తెరలన్నీ ఈ చెమ్మకి మా తాతల కాలంలోనే పాడైపోయాయి. ముళ్లు మిగిలాయి.

ఈ పనిలోకి వచ్చి నాలుగు నెలలు. అంతకు ముందు ముప్పయ్యేళ్లు గవర్రాజు మాస్టారు చూశారు. కళ్లకు పొర కమ్మి మానేశారు.

ముళ్లు ఎప్పుడూ కొద్దిగా వణుకుతుంటాయి. ఎవరో వంతెన దాటుతారు, ఎవరో వల పిండుతారు, పిల్లలు పరిగెడతారు. ఆ కదలికంతా ముల్లు కొసకి చేరుతుంది. కళ్లు సగం మూసుకుని చూస్తే గడ్డిపోచల మీద గాలి వెళ్తున్నట్టుంటుంది. అయిదో ముల్లు మాత్రం అరవై రెండు మీద హాయిగా నిద్రపోతోంది. ఎప్పుడూ అరవై దిగని దాని తీరు చూసే మా ఊరి పెద్ద అచ్చాయమ్మ గారు పోయిన నెల పురిటిల్లు అయిదో అరుగు మీదికి మార్పించారు.

మధ్యాహ్నం కాసేపు ఎండ తగిలింది. ఎండ తగిలితే తిత్తులు ఉబ్బుతాయి, ముళ్లు నాలుగైదు గీతలు పైకి జరుగుతాయి. పదమూడు జరిగాయి. అయిదోది లేవలేదు.

బద్ధకమే అనుకుని, అంకె రాసి, పుస్తకం మూశాను.

దశమి, ఉదయం

అయిదో ముల్లు 62. నిన్నా అదే. వెనక పేజీలు తిప్పి చూశాను. పదకొండు రోజులుగా అదే అంకె, అన్నీ నా చేతిరాతే. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు.

వెళ్లి చూద్దామని పురిటిల్లు దాకా నడిచాను. నాలుగో అరుగు నుంచి అయిదో అరుగుకి వంతెన ఇదివరకు సమంగా ఉండేది. ఇవాళ కాళ్లు వాటంతట అవే ముందుకు పడ్డాయి. ఎదురొచ్చిన ఆవిడ ఒకరు, "ఈ మధ్య ఇటు నడవడం తేలిగ్గా ఉందండి, తిరిగెళ్లేటప్పుడే ఆయాసం" అని నవ్వి వెళ్లిపోయింది.

పురిటింట్లో ముగ్గురు ఉన్నారు. ఇద్దరికి నెలలు నిండాయి. మూడో అమ్మాయి హైమకి తొమ్మిదో రోజు బిడ్డ. కిటికీ లోంచి మబ్బు వచ్చి ఉయ్యాల చుట్టూ తిరుగుతోంది. ఆ తెల్లదనంలో ముగ్గురూ మగతగా పడుకుని ఉన్నారు.

"అక్కా, ఈ ఉయ్యాలేంటో చూడు" అంది హైమ. "నేను ఊపకుండానే ఆ మూలకి జరుగుతోంది. మధ్యలోకి లాగి వదిలినా మళ్లీ అటే పోయి ఆగుతోంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"పాప పుట్టిన కాడ్నించీ అంతే. మంచిదే కదా, నాకు నిద్ర పడతంది."

కుండ మూత తీసి చూశాను. నీళ్లు ఒక పక్క అంచు దాకా ఉన్నాయి, రెండో పక్క నాలుగు వేళ్లు కిందికి ఉన్నాయి. మూత మళ్లీ పెట్టేశాను.

ఇదే గాలి ఉంటే త్రయోదశి మధ్యాహ్నానికి తూర్పు కొండలు దాటాలి. కొండ మీద మన కిందికి మిగిలే ఎడం తాటిచెట్టంత కూడా ఉండదు.

ఏకాదశి, పొద్దున్నే

ముళ్ల గదిలో బల్ల కింద ఒక రేకు పెట్టె ఉంది. అందులో ఈ ముళ్లు చేసినవాళ్లు రాసిన పాత పుస్తకం దొరికింది. చెమ్మకి పేజీలు అతుక్కుపోయాయి. ఆవిరి పట్టి ఒక్కొక్కటీ విడదీశాను.

ముళ్లన్నిటినీ రోజుకోసారి ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూడమని మొదటి పేజీలోనే ఉంది. మాస్టారు నాకు నేర్పిన పనుల్లో అది లేదు. బల్ల మీద మీట నొక్కాను. పదమూడు ముళ్లు ఒక్కసారి లేచి, అర్ధచంద్రంలా తిరిగి, మళ్లీ తమ తమ చోట్లకి వచ్చాయి. కొంగల గుంపు లేచి వాలినట్టుంది. అయిదోది కదల్లేదు.

అది నిలకడ కాదు. ఆగిపోయింది. ఈ ముళ్లకి వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు కాబట్టి, బలం పోయిన చోటే నిలబడిపోతాయి. ఇది అరవై రెండు దగ్గర పోయింది, అరవై రెండే చూపిస్తోంది.

ప్రతి ముల్లు వెనకా గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. బల్ల నుంచి ఒకే తీగ మీద ఒకట్లూ సున్నాలూ ఒకదాని వెనక ఒకటి దానికి వెళ్తాయి, ఇంత దూరం తిరగమని. ఇది నాకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, మనం మాట పంపినప్పుడల్లా అది కూడా రెండో తీగ మీద ఒక మాట వెనక్కి పంపుతుంది, తన క్షేమం గురించి. నాలుగు నెలలుగా, రోజుకి కొన్ని వేలసార్లు, ఈ పద్నాలుగు చిప్పులూ జవాబు చెబుతూనే ఉన్నాయి. వినేవాళ్లు లేరు.

పెట్టెలో ఆ జవాబు వినే పరికరం కూడా ఉంది. అరచేతిలో పట్టేంతది, దాని మీద ఎనిమిది చిన్న దీపాలు. రెండో తీగకి తగిలించాను. మిగతా ముళ్లకి ఒక్క దీపమూ వెలగలేదు, అంటే అంతా క్షేమం. అయిదోదానికి పంపాను. ఏమీ వెలగలేదు. నా గుండె తేలికపడింది. తర్వాత పుస్తకంలో ఇంకో వాక్యం చదివాను: జవాబు ఎప్పుడూ గడిచిన క్షణానిది. ఇప్పటి సంగతి కావాలంటే మళ్లీ ఒకసారి అడగాలి.

మళ్లీ అడిగాను. రెండో దీపం, మూడో దీపం వెలిగాయి. రెండోది: ముల్లుని తిప్పే తీగచుట్టలో తీగలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మూడోది: నేను బాగా వేడెక్కాను, కాలిపోకుండా నన్ను నేను ఆపుకున్నాను.

అయిదో తిత్తిలో ఎంత ఉందో అది చెప్పడం లేదు. తను చూపిస్తున్నది నమ్మొద్దని మాత్రం చెబుతోంది.

ఏకాదశి, మధ్యాహ్నం

చిప్పుకి జబ్బు చేస్తే గోడ మీది ఎర్రదీపం వెలగాలని కూడా పుస్తకంలో ఉంది. దీపం బాగానే ఉంది. దాని తీగ వెంట బల్ల వెనక్కి పాకుతూ వెళ్లాను. చివర తీగ తెగి ఉంది. తెగిన కొసకి దారం చుట్టి, చక్కగా ముడి వేసి ఉంది. ఆ ముడి నాకు తెలుసు. నాలుగు నెలల క్రితం మాస్టారు నాకు నేర్పిన ముడే.

గవర్రాజు మాస్టారు వాకిట్లో కూర్చుని వల అల్లుతున్నారు. చూపు లేకపోయినా వేళ్లు ఆగవు.

"మాస్టారూ, ఎర్రదీపం తీగ తెగి ఉందండి."

"తెగి ఉందా, తెంపి ఉందా?"

"తెంపి, దారం చుట్టి ఉంది. మీ ముడేనండి."

"నా ముడే" అన్నారు. చాలాసేపు వల అల్లారు. తర్వాత వల పక్కన పెట్టారు.

"ఏడేళ్లయింది అమ్మాయ్. శ్రావణమాసం. కొండలు దాటి పల్లపు చేల మీదికి వచ్చేం. మిట్టమధ్యాహ్నం ఎర్రదీపం వెలిగింది, తొమ్మిదో ముల్లు ఆగింది. ఎర్రదీపం అంటే తిత్తి పోయిందనే మాకు తెలుసు. ప్రమాదం గంట కొట్టేసాను. బరువు తగ్గాలని నీళ్ల తొట్లు రెండిటికీ తాళ్లు కోసేసారు. కింద చేలే కదా అనుకున్నాం. చేలో నాట్లేస్తున్నారు. ఇద్దరు ఆడమనుషులు పోయేరు."

"మరి తిత్తికి ఏమైందండి?"

"ఏమీ కాలేదు. చిప్పు వేడెక్కి ఆగింది, చల్లారేక మామూలే. ముల్లు తనకి ఒంట్లో బాలేదని చెప్పింది. మేం ఊరికి బాలేదనుకున్నాం."

"ఎవరికైనా చెప్పేరా?"

"ఎలా చెప్పను? తొట్లు వదలబట్టి నాలుగొందల మందీ బతికేరని ఊరంతా అనుకుంటన్నారు. కింద వాళ్లకీ అదే కబురు పంపేం. ఇంకోసారి ఆ దీపం వెలిగితే మళ్లీ నా చెయ్యి గంట మీదకే పోద్దని భయం వేసింది. తీగ తెంపేసాను. ముళ్లు తిప్పి చూడ్డం కూడా మానేసాను. ఏదైనా కదలకపోతే మళ్లీ ఎవరో ఒకరు గంట కొడతారని."

నాకు కోపం రావాలి. ఆయన ఒళ్లో వేళ్లు ఖాళీగా ముడులు వేస్తూ ఉంటే రాలేదు.

"అయిదో ముల్లు ఆగిపోయింది మాస్టారూ. పన్నెండు రోజులైంది. కింద పురిటిల్లు ఉంది."

ఆయన లేచి చెయ్యి చాచారు. పట్టుకుని ముళ్ల గదికి తీసుకొచ్చాను.

"అయిదో తిత్తి నుంచి వచ్చే తీగ ఊడదీసి ఆరో ముల్లుకి తగిలించు. అది బాగుందిగా, దీని సంగతి అది చెబుతుంది."

తగిలించాను. ఆరో ముల్లు ఒకసారి తడబడి, మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. యాభై దాటింది. నలభై ఐదు దాటింది.

"ఎంత?" అన్నారు.

"ముప్పయ్యెనిమిది."

"మళ్లీ చూడు."

"ముప్పయ్యెనిమిదేనండి."

పక్క అరుగుల తాళ్లు మోయబట్టి ఇన్నాళ్లూ నిలిచింది. కొండ మీది గాలికి ఆ తాళ్లు ఆగవు.

ద్వాదశి, రాత్రి

పొద్దున్న పెద్ద వలలుండే అరుగు మీద అందరినీ పిలిచారు. మబ్బులో మనుషులు నీడల్లా నిలబడ్డారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను.

అచ్చాయమ్మ గారు మధ్యలో అడ్డురాలేదు. అంతా విని, "కొండ రేపు మధ్యాహ్నానికి. ఆలోచించే వ్యవధి లేదు" అన్నారు. "అయిదో అరుగు తొట్లు రెండూ వదిలేద్దాం. ఇవాళైతే కింద అంతా అడివే."

"అడివిలో మనుషులుండరా అండి?"

ఆ మాట గవర్రాజు మాస్టారిది. ఆయన ముందుకొచ్చి, నిన్న నాకు చెప్పిందంతా ఊరందరి ముందు చెప్పారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

అచ్చాయమ్మ గారు తన అరచేతులు చూసుకుంటున్నారు.

"ఆ తాళ్లు కోసింది నేను మాస్టారూ" అన్నారు.

"తెలుసండి."

"ఏడేళ్ల నుంచి, అంతమందిని కాపాడింది కదా ఈ చెయ్యి అని, దానితోనే అన్నం తింటన్నాను."

ఆవిడ ఆయన్ని తప్పుపట్టలేదు. నా వైపు తిరిగారు.

"తొట్లు కొయ్యకుండా కుదురుతుందా తాయారూ?"

"కుళాయిలు తిప్పి వదిలితే రేపు మధ్యాహ్నానికి ఖాళీ అవుతాయండి. ఇప్పుడే తిప్పితే. అయిదో అరుగు ఒక్కటే చాలదు, అటూ ఇటూ నాలుగు అరుగులవీ వదలాలి. మనుషుల్ని మిగతా అరుగుల మీదికి పంచాలి."

"నాలుగు నెలల నీళ్లు."

"అవునండి."

"తిప్పండి" అన్నారు అచ్చాయమ్మ గారు.

పురిటింటి వాళ్లని జోలెల్లో పడుకోబెట్టి, వంతెనల మీద పదకొండో అరుగుకి చేర్చాం. ఇప్పుడు వంతెన ఎక్కుడు. మోసేవాళ్లు రొప్పుతున్నారు. హైమ జోలె లోంచి, "ఎక్కడికక్కా?" అని మాత్రం అడిగింది. "ఉయ్యాల సరిగ్గా ఊగే చోటికి" అన్నాను.

తిత్తులు కుట్టే రూతమ్మ నడుముకి తాడు కట్టుకుని అయిదో తిత్తి మీదికి ఎక్కింది. తడి గుడ్డ మీద అరికాళ్లు జారుతుంటే మబ్బులోకి వెళ్లిపోయింది. చాలాసేపు తాడు మాత్రం కనిపించింది, పైకి, పైకి. దిగొచ్చాక, "కుట్టు ఊడిందక్కా. మూరెడుంది. వేసేసాను" అంది. తిత్తిలోంచి కారే వాయువు పీల్చడం వల్ల గొంతు అయిదేళ్ల పిల్ల గొంతులా వచ్చింది. ఇంత భయంలో కూడా చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రూతమ్మ కూడా ఆ గొంతుతోనే నవ్వింది.

కుట్టు పడింది కానీ, పోయిన వాయువు ఒక్క రోజులో నిండదు.

సాయంత్రానికి కుళాయిలన్నీ కారుతున్నాయి. అంచు నుంచి చూస్తే మన కింద, మనది మాత్రమే అయిన ఒక సన్నని వాన.

త్రయోదశి, మధ్యాహ్నం

కొండ దాటాం.

ముందు వాసన వచ్చింది. తడి మట్టి, ఆకులు. తర్వాత మబ్బు లోంచి చెట్ల తలలు లేచాయి. నేను ముళ్ల గదిలోనే ఉన్నాను. ఆరో ముల్లు అయిదో తిత్తిని చూపిస్తోంది: ముప్పయ్యెనిమిది, ముప్పయ్యేడు, మళ్లీ ముప్పయ్యెనిమిది. మాస్టారు నా పక్కన కూర్చుని అంకెలు వింటున్నారు. నేను ఆగితే, "ఊ" అంటున్నారు.

అయిదో అరుగు అడుగున కొమ్మలు రాసుకున్నాయి. ఎవరో పెద్ద దువ్వెనతో ఊరి తల దువ్వుతున్నట్టు పొడుగాటి చప్పుడు. పద్నాలుగు ముళ్లకి పదమూడు వణికాయి. ఒక తాడు తెగింది. రెండోది ఆగింది. తర్వాత చప్పుడు వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది.

బయటికొస్తే, మబ్బు విడిపోయి, కొండల అవతల నేలంతా వెలుతురులో ఉంది. అయిదో అరుగు అంచులకి ఆకులు పట్టుకుని ఉన్నాయి. వెనక్కి చూస్తే చెట్ల సందులో రెండు కప్పులు, ఒక పొగ తీగ. అడవిలో మనుషులున్నారు. మన వానకి కప్పులు తడిసి మెరుస్తున్నాయి.

మాస్టారికి ఆ సంగతి చెప్పాను. ఆయన తల ఊపి, చాలాసేపు నా భుజం మీద చెయ్యి ఉంచారు.

శ్రావణ శుద్ధ తదియ

అయిదో ముల్లు తీగచుట్ట విప్పి కొత్తగా చుట్టాను. జవాబు రెండుసార్లు అడిగాను, ఒక్క దీపమూ వెలగలేదు. ఎర్రదీపం తీసేశాం. దాని చోట ముల్లు ముల్లుకీ ఒక తెల్లదీపం పెడుతున్నాను. అది వెలిగితే గంట కొట్టకూడదు. ముల్లుకి తెలియడం లేదు, మనిషి వెళ్లి చూసి రావాలి, అంతే.

పొద్దున్న పల్లపు చేల మీదికి వచ్చాం. గాలి పడిపోయి ఊరు నిలిచినట్టే ఉంది. దిగుడు బుట్ట సిద్ధం చేయమని మాస్టారు ముందు రోజే చెప్పారు. ఆయనకి దారి చూపడానికి నేను తోడు. బుట్ట వదిలే ముందు అచ్చాయమ్మ గారు వచ్చి, తనూ ఎక్కి కూర్చున్నారు.

ఏడేళ్ల క్రితం పోయిన ఇద్దరిలో ఒకావిడ ఇంటివాళ్లు ఎటో వెళ్లిపోయారట. రెండో ఆవిడ పోలమ్మ. ఆమె కూతురు నూకరత్నం గట్టు మీద నారు కట్టలు సర్దుతోంది. పాతికేళ్లుంటాయి. మడి నీళ్లలో మా ఊరి నీడ మెల్లగా పారుతోంది.

మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి చెప్పారు. తాళ్లు కోసింది తనని అచ్చాయమ్మ గారు చెప్పారు. నూకరత్నం పని ఆపి వింది.

"అంటే, ఆ తొట్లు వదలకపోయినా మీరు పడిపోయేవోరు కాదన్నమాట."

"కాదమ్మా" అన్నారు మాస్టారు.

"నాలుగొందల మందిని బతికించి పోయిందని చెప్పుకుంటన్నాను, మా అమ్మ. ఏడేళ్ల నుంచి. మా పాపకి కూడా అదే చెప్పేను."

మాస్టారు తల దించుకున్నారు. నీళ్లలో మా నీడ గట్టు దాటి పక్క మడిలోకి వెళ్లింది.

"ఇప్పుడెందుకు చెప్పేరు?"

"పైన మా వాళ్లకి చెప్పాల్సి వచ్చిందమ్మా, మొన్న. వాళ్లకి చెప్పి, నీకు చెప్పకుండా నీ నెత్తి మీంచి పోలేకపోయేను."

"అమ్మ ఏ మడిలో ఉందో తెలుసా మీకు, ఆ రోజు?"

"తెలీదమ్మా. పైనుంచి అన్నీ ఒకలాగే కనపడతాయి."

"రండి."

ఆమె ముందు నడిచింది. మాస్టారు అచ్చాయమ్మ గారి భుజం పట్టుకుని వెనక నడిచారు. అయిదు గట్లు దాటాక ఒక చిన్న మడి దగ్గర ఆగింది. సగం నాటి ఉంది, సగం నీళ్లు.

"ఇదే" అంది. కళ్లు తుడుచుకోలేదు. మా ముగ్గురి వైపూ చూడలేదు. "ఎండెక్కే లోపల ఇది అయిపోవాలి. మనుషులు దొరకలేదు ఇయ్యాల. ఆ కట్టలు అందుకోండి."

అచ్చాయమ్మ గారు చీర కుచ్చిళ్లు ఎగదోపి దిగారు. మాస్టారు పంచె మడిచి, పాదంతో అంచు వెతుక్కుంటూ దిగారు. నూకరత్నం ఆయన చేతిలో నారు పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని మట్టిలోకి వంచి, ఎంత లోతున గుచ్చాలో చూపించింది.

పైనుంచి రూతమ్మ బుట్ట తాడు కదిపింది, గాలి మారుతోంది, వచ్చెయ్యమని. నేను గట్ల మీద వెనక్కి పరిగెత్తి తాడు రెండుసార్లు లాగాను, ఆగమని. తిరిగొచ్చి నేనూ మడిలోకి దిగాను.